కరకట్ట మీద పెట్టెల వేట: ఉండవల్లి నుంచి అమరావతి దాకా జియోక్యాషింగ్ దారి వేసుకోవడం ఎలా

ముందే ఒక మాట. ఈ ఆటని జియోక్యాషింగ్ అంటారు, దాచిన డబ్బాని క్యాష్ అంటారు. నేను ఫోన్లో "రాయపూడి దగ్గర క్యాష్ దొరకలేదురా, ఆదివారం మళ్ళీ వెళ్దాం" అన్న ప్రతిసారీ మా ఆవిడ అనుమానంగా చూస్తుంది, ఎంత చెప్పినా డబ్బు వ్యవహారమే అనుకుంటుంది. అందుకని ఇక్కడ పెట్టె అనే రాస్తాను.

ఆట తేలిక. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు జియోక్యాషింగ్ యాప్‌లో పెడతారు. మీరు ఫోన్ చూసుకుంటూ వెళ్ళి, వెతికి, లోపలున్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, దాన్ని ఉన్నచోటే మళ్ళీ దాచేసి వస్తారు. ఇది 2000 మే నెలలో మొదలైంది. అప్పటిదాకా జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపి ఇచ్చేది, మామూలు జనానికి వంద మీటర్ల దాకా తేడా చూపించేది. మే 2న ఆ తప్పు తీసేశారు, 3న ఆరెగన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్లో పుస్తకాలు, కొంచెం డబ్బు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా వేసి అడవి అంచున పెట్టి, ఆ చోటు వివరాలు ఇంటర్నెట్‌లో రాశాడు. అంతే, అక్కడి నుంచి లోకమంతా పాకింది. మన బెజవాడ, గుంటూరు వైపు మాత్రం మ్యాప్ తెరిస్తే పెట్టెలు చాలా తక్కువ. వెతకడానికి లేకపోతే మనమే పెట్టాలి, నేను రాస్తున్నది దాని గురించే.

విదేశాల్లో ఇలాంటివి పొడుగాటి నడక దారుల వెంట పెడుతుంటారు. రోజుల తరబడి నడిచేవాళ్ళకి మధ్యమధ్యలో ఒక సరదా. అక్కడైనా ఇష్టమొచ్చినట్టు పెట్టనివ్వరు, అమెరికాలో దాదాపు 3,500 కిలోమీటర్లుండే అప్పలాచియన్ ట్రైల్ అనే నడక దారి మీద కూడా నేషనల్ పార్కుల వాళ్ళ భూముల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టడానికి లేదు. మనకి అలా గుర్తులు వేసిన దారులు లేవు గానీ కృష్ణ కుడి గట్టు కరకట్ట ఉంది. ఉండవల్లి దగ్గర ఎక్కితే వెంకటపాలెం, మందడం, ఉద్దండరాయునిపాలెం, రాయపూడి, హరిశ్చంద్రపురం, వైకుంఠపురం, అమరావతి. ముప్పై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఒక్క రోజులో నడిచేవాళ్ళు నడుస్తారు, నేను రెండు రోజులు పెట్టుకుంటాను. మొదటి రోజు తుళ్ళూరు వైపు దిగి బస్సెక్కి ఇంటికొచ్చి, రెండో రోజు ఉదయం మళ్ళీ అక్కడి నుంచే మొదలు.

మొదటిసారి పెట్టెలు పట్టుకెళ్ళకండి. ఖాళీ చేతులతో నడవండి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, టిప్పర్లు ఎక్కడ ఎక్కువ తిరుగుతాయి, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రాజధాని పనులు జరిగే చోట్ల దుమ్ము మామూలుగా ఉండదు. రోడ్డు ఇరుకు కాబట్టి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవాలి. కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అది కూడా తెల్లవారుజామున. మే నెలలో సరదాపడి వెళ్తే దారిలో పడిపోతారు.

ఎక్కడ పెట్టకూడదో ముందు చెప్తాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే వస్తుంది. ఉండవల్లి దగ్గర కరకట్ట మీద మొదటి కొంత దూరం ముఖ్యమంత్రి ఉండే ఇల్లు, దాని చుట్టూ పోలీసు కాపలా. అక్కడ పెట్టె ఆలోచనే వద్దు, పొదల్లో వంగి వెతుకుతూ కనపడ్డా సమాధానం చెప్పుకోవాలి. ప్రకాశం బ్యారేజీ, వంతెనలు, లాకులు, పంపుహౌసులు, రైలు పట్టాలు, బడులు, గుళ్ళ ప్రాంగణాలు అన్నీ వద్దు. ఉండవల్లి గుహలు, అమరావతి మహాచైత్యం పురావస్తు శాఖ కింద ఉన్నవి, అక్కడ రాయి సందులో అగ్గిపెట్టంత డబ్బా దూర్చినా తప్పే. కరకట్టని తవ్వకూడదు. ఆట నిబంధనల ప్రకారం కూడా స్థలం వాళ్ళ అనుమతి లేకుండా నేల తవ్వి పాతిపెట్టడం కుదరదు. అయినా కరకట్ట అంటే వరదకి అడ్డుకట్ట, దానికి బొక్క పెట్టేవాడు ఈ వైపు మనిషి అయ్యుండడు.

నది వైపు లంకల్లోకి దిగి పెట్టాలని చాలామందికి ఉబలాటం. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వెళ్ళాయి, కట్టకి నది వైపు ఉన్నవన్నీ మునిగాయి. మీ డబ్బా ఎంత గట్టిగా మూసినా, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు వెళ్ళిపోతుంది. అందుకని ఎప్పుడూ కట్టకి ఊరి వైపే చూసుకోండి.

ఇక డబ్బా. మొదట నేను ఆవకాయ జాడీ మూత గట్టిది కదా అని ఖాళీ ప్లాస్టిక్ పచ్చడి సీసా తీసుకున్నాను. నాలుగుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, నిమ్మచెక్కతో రుద్ది పెట్టాను. వాసన మనకి రాకపోయినా ఎలకలకి వస్తుంది. పది రోజుల తర్వాత వెళ్తే మూత అంచంతా కొరికేసి ఉంది, లోపల పుస్తకం మొదటి ఆరు పేజీలు లేవు, మిగతావాటికి చీమలు. తినేవి ఉన్న డబ్బా ఏదీ పనికిరాదు. స్టీలు డబ్బా పెడదామనుకుంటారు కొందరు, పెట్టండి, సాయంత్రానికి పాత సామాన్ల బండిలో ఉంటుంది. నాలుగు వైపులా క్లిప్పులుండి మూత లోపల రబ్బరు రింగు ఉండే ప్లాస్టిక్ డబ్బా కొనండి, అది కూడా లోపలున్నది కనపడేలా తెల్లటిదే. ఎందుకో కిందకి వచ్చాక అర్థమవుతుంది. కొన్నాక లోపల టిష్యూ పేపర్ వేసి, మూసి, నీళ్ళ బకెట్లో పైన రాయి పెట్టి రాత్రంతా ముంచి ఉంచండి. పొద్దున తీస్తే కాగితం కరకరలాడాలి. కొంచెం మెత్తబడినా ఆ డబ్బా వంటింట్లోకి పంపేయండి.

పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టండి, పక్కన పెన్సిల్ ముక్క. పెన్ను పెట్టకండి, మన తేమకి సిరా అలుక్కుపోతుంది, ఎండకి రీఫిల్ కారుతుంది. మార్చుకోవడానికి చిన్న వస్తువులు కొన్ని వేయొచ్చు, ఒకటి తీసుకుంటే దానికి తగ్గని ఇంకొకటి పెట్టాలన్నది ఆట మర్యాద. గోలీలు, బొంగరం, పాత నాణెం బాగుంటాయి. ఉల్మర్ బీన్స్ డబ్బా పెట్టాడు గానీ ఇప్పుడు తిండి వస్తువులు నిషేధం, కాబట్టి గుంటూరు గుర్తుగా నాలుగు ఎండు మిరపకాయలు వేద్దామన్న ముచ్చట మానుకోండి. మందులు, అగ్గిపెట్టెలు, కత్తులు, టపాకాయలు కూడా వద్దు.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. రెండో పెట్టెకి నేను కాస్త ఎక్కువ తెలివి ప్రయోగించాను. నల్ల డబ్బా, లోపల చిన్న కొండపల్లి బొమ్మ, డబ్బా తెరుచుకోకుండా చుట్టూ ఎర్రదారం. మూడు దారులు కలిసే చోట వేపచెట్టు మొదట్లో రాళ్ళ మధ్య దాచాను. వారం తర్వాత చూద్దామని వెళ్తే అక్కడ పగిలిన కొబ్బరి చిప్పలు, పసుపు నీళ్ళు చల్లిన మరకలు, కొంచెం దూరంలో కాలి ముద్దయిన ప్లాస్టిక్. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలామె అడిగింది.

"ఏం నాయనా, ఏం ఎతుకుతున్నావు?"

"ఇక్కడ ఒక డబ్బా ఉండాలి మామ్మా, చూశారా?"

"ఆ చేతబడి డబ్బానా? నీదా అది?"

మూడు దారులు, ఎర్రదారం, చెక్క బొమ్మ. ఆలోచిస్తే ఊరివాళ్ళ తప్పు ఒక్కటీ లేదు. అరగంట కూర్చుని, ఫోన్లో మ్యాప్ చూపించి, ఇది పిల్లల దాగుడుమూతల్లాంటిదని చెప్పాను. ఆమె అంతా విని, "మరి ఆ మాట ముందే వచ్చి చెప్పొచ్చుగా" అంది.

ఆ ముక్క ఏ యాప్‌లోనూ ఇంత సూటిగా రాసి లేదు. విదేశాల్లో ఆట కిటుకంతా ఎవరికీ తెలియకుండా దాచడంలో ఉంటుంది, ఆట తెలియనివాళ్ళ కంట పడకూడదని నానా తంటాలు పడతారు. మన దగ్గర ఎవరికీ తెలియని డబ్బా వారం బతకదు. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో అనుమానాస్పద వస్తువుల గురించి మైకులో విని విని పెరిగాం, ఎవరిదో తెలియని మూసిన పెట్టె కనపడితే భయపడటం న్యాయమే. కాబట్టి పెట్టె కంటే ముందు దానికి ఒక మనిషిని వెతకాలి. టీ బంకు ఆయన, మోటారు దగ్గర ఉండే రైతు, గొర్రెలు మేపే తాత, ఎవరైనా సరే, రోజూ అక్కడే ఉండేవాళ్ళు. "బాబాయ్, మీ దిమ్మె పక్కన ఈ డబ్బా పెట్టుకుంటాను, ఎవరైనా వచ్చి తీసి, రాసి, పెట్టేసి పోతారు, మీకేం ఇబ్బంది లేదు" అని మూత తీసి చూపించండి. ఒప్పుకుంటేనే పెట్టండి. స్థలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి ఎలాగూ కావాలి, దానితో పాటు కాపలా కూడా దొరుకుతుంది. ఊళ్ళో గ్రామ సచివాలయంలో కూడా ఒక మాట చెప్పి, ఏ ఊళ్ళో ఎక్కడ పెట్టారో కాగితం మీద రాసి ఇవ్వండి. వింతగా చూస్తారు, చూడనివ్వండి.

డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అతికించాలి. "ఇది ఆట పెట్టె. లోపల పుస్తకం, పెన్సిల్, బొమ్మలు మాత్రమే ఉన్నాయి. తెరిచి చూడొచ్చు. మళ్ళీ ఇక్కడే పెట్టండి." కింద మీ ఫోన్ నంబరు. అది కాక లోపలున్నది బయటికే కనపడుతుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

కోఆర్డినేట్ల దగ్గర, అంటే ఆ అక్షాంశ రేఖాంశాల దగ్గర, అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మామూలు మ్యాప్ యాప్‌లో ఒక చోటు నొక్కితే 16.5062, 80.6480 అని వస్తుందనుకోండి, అది డిగ్రీల్లో దశాంశం. జియోక్యాషింగ్‌లో రాసేది డిగ్రీలు, ఆపైన నిమిషాలు, నిమిషాలకి మూడు దశాంశాలు. చుక్క తర్వాత ఉన్నదాన్ని 60తో గుణించాలి. 0.5062ని 60తో గుణిస్తే 30.372, అంటే ఉత్తరం 16° 30.372. 0.6480ని గుణిస్తే 38.880, తూర్పు 080° 38.880. ఇది చేయకుండా 16.5062ని చూసి 16° 50.62 అని కొట్టేస్తే పెట్టె ముప్పై ఏడు కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్ళిపోతుంది, బెజవాడలో ఉండాల్సింది తిరువూరు దారి పట్టినట్టు. తప్పు పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది: నిమిషాలు ఎప్పుడూ 60 దాటవు. అదే పొరపాటు రెండో అంకెకి చేస్తే 64.80 వస్తుంది, అది కనపడగానే ఆగిపోవాలి. చివరి దశాంశంలో ఒక్క అంకె మారితే నేల మీద రెండు మీటర్లకి కాస్త తక్కువ తేడా, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

చోటు కొలిచేటప్పుడు ఫోన్‌ని డబ్బా మీద ఐదు నిమిషాలు కదలకుండా ఉంచి అంకెలు రాసుకోండి. ముప్పై అడుగులు వెనక్కి నడిచి, వేరే వైపు నుంచి వచ్చి మళ్ళీ కొలవండి. ఇంకో రోజు ఇంకోసారి. సగటు తీసుకోండి. బయలు ప్రదేశంలో మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే, వైకుంఠపురం కొండ లాంటి బండల పక్కన, దట్టమైన చెట్ల కింద అది పదిహేను, ఇరవై దాకా వెళ్తుంది, సిగ్నల్ రాళ్ళకి తగిలి చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి. అందుకే అలాంటి చోట డబ్బా మరీ కష్టంగా దాచకండి.

వెతికేవాళ్ళకి కూడా ఇదే చెప్తాను. చివరి ఐదు మీటర్లలో ఫోన్ జేబులో పెట్టేయండి. బాణం అటూ ఇటూ గంతులేస్తుంటుంది, దాని వెనకాల తిరిగితే తుమ్మ ముళ్ళు తప్ప ఏమీ దొరకదు. నిలబడి, నేనైతే ఎక్కడ దాస్తాను అని చూడండి. పేర్చినట్టున్న రాళ్ళు, చెట్టు మొదట్లో సహజంగా లేని పుల్లల కుప్ప, గోడకి ఒరిగిన ఒంటరి ఇటుక. చేతిలో కర్ర తప్పనిసరి. తొర్రలో గానీ రాళ్ళ సందులో గానీ చెయ్యి పెట్టేముందు కర్రతో రెండుసార్లు కొట్టి, టార్చి వేసి చూడాలి. ఇది కృష్ణా తీరం, రక్తపింజర, నాగుపాము రెండూ ఉంటాయి, తేళ్ళూ ఉంటాయి. అసలు పెట్టేవాళ్ళే ఆ బాధ్యత తీసుకోవాలి, చెయ్యి గుడ్డిగా దూర్చాల్సిన చోట పెట్టె పెట్టనే కూడదు. మోకాలి ఎత్తున, కంటికి కనపడే సందు చాలు. చీకటి పడ్డాక వెతకడం మానేయండి, పాముల సంగతి అలా ఉంచితే, రాత్రి టార్చి వేసుకుని పొలం గట్ల మీద తిరిగేవాడిని మోటారు దొంగ అనుకుంటారు.

ఎన్ని పెట్టాలి? రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్లుండాలని నిబంధన, లెక్క ప్రకారం ఈ దారిలో నూట ఎనభై పెట్టొచ్చు. పెట్టకండి. నా ఉద్దేశంలో ముప్పై కిలోమీటర్లకి ఏడెనిమిది చాలు. నాలుగు కిలోమీటర్లకి ఒకటి, అది కూడా కూర్చోవడానికి నీడ ఉన్నచోట, టీ దొరికే చోట. పెట్టె దొరికినా దొరకకపోయినా మనిషి అక్కడ కాసేపు కాళ్ళు చాపుకోవాలి. పైగా ఎన్ని పెడితే అన్నీ మీరే చూసుకోవాలి. పాడైతే వెళ్ళి బాగుచేసేంత దగ్గరలో ఉండేవాళ్ళు పెడితేనే ఒప్పుకుంటారు. సంక్రాంతికి ఊరొచ్చి ఒకటి పెట్టేసి హైదరాబాదు వెళ్ళిపోదామంటే కుదరదు, లేదంటే ఇక్కడ ఉండే తమ్ముడినో బావనో ఒప్పించి వాళ్ళ పేరు రాయండి.

పురావస్తు స్థలాల్లో పెట్టె పెట్టకూడదన్నాను గదా, అలాగని వాటిని వదిలేయక్కర్లేదు. అక్కడ డబ్బా బదులు ప్రశ్న పెట్టండి. ఈ దారికి ఇదే అసలు మజా. చివరి పెట్టె చోటు ఉత్తరం 16° 3Xతో మొదలవుతుందని రాసి, X కావాలంటే ఉండవల్లి గుహకి ఎన్ని అంతస్తులో లెక్కపెట్టమనండి. నాలుగు. అంటే 16° 34, సరిగ్గా అమరావతి ఉండే చోటు. మిగతా అంకెలు దారిలో ఒక్కో డబ్బా మూత లోపల ఒక్కోటి రాసి ఉంచండి. అప్పుడు మధ్యలోవన్నీ వదిలేసి కారులో చివరికి వెళ్ళిపోయేవాడికి చివరి పెట్టె దొరకదు, నడిచినవాడికే దొరుకుతుంది. అంకెలు దొరకని డబ్బా వల్ల ఎవరైనా ఆగిపోకుండా, ఒక సరిచూపు లెక్క కూడా ఇవ్వండి, అన్ని అంకెలూ కూడితే ఇంత రావాలి అని. ఒక్క అంకె పోయినా కూడిక నుంచి పట్టుకోవచ్చు.

అన్నీ అయ్యాక ఆ యాప్ వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ ఖాతా నుంచి వివరాలు నింపి పంపాలి. వెతకడం ఎంత కష్టం, నడక ఎంత కష్టం అని ఒకటి నుంచి ఐదు దాకా రెండు అంకెలు అడుగుతుంది. కరకట్ట మీదవి నడకకి ఒకటిన్నర, రెండు చాలు, వైకుంఠపురం కొండ ఎక్కించేదైతే మూడు. గొప్పకి నాలుగు వేయకండి, ముసలివాళ్ళు, పిల్లలతో వచ్చేవాళ్ళు ఆ అంకె చూసే బయలుదేరతారు. జీతం లేకుండా పనిచేసే పరిశీలకుడు ఒకరు చూసి, ప్రశ్నలేమైనా ఉంటే అడిగి, ఆ తర్వాత మ్యాప్‌లోకి ఎక్కిస్తారు. అనుమతి ఎవరిచ్చారని అడుగుతారు, అప్పుడు టీ బంకు బాబాయ్ ఒప్పుకున్న సంగతి రాయండి. వివరణ తెలుగులో కూడా రాయండి, ఇంగ్లీషు ఒక్కటే ఉంటే మన పిల్లలు పెట్టిన పెట్టె మన ఊరివాళ్ళకే అర్థం కాదు.

విదేశాల నుంచి నడవడానికి వచ్చే స్నేహితులెవరైనా ఉంటే ఒక హెచ్చరిక చెప్పండి, అక్కడ ట్రెక్కింగ్‌లో వాడే శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా తేకూడదు, కేసవుతుంది. ఇక్కడ మామూలు ఫోన్ చాలు. మ్యాప్ ముందే ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసుకుని, ఒక పవర్ బ్యాంకు వేసుకుంటే సరి.

చూసుకోవడానికి నేను ఏడాదికి మూడుసార్లు వెళ్తాను, సంక్రాంతి తర్వాత, తొలకరికి ముందు, వరద తగ్గాక. రబ్బరు రింగు తుడవడం, పుస్తకం మార్చడం, చీమలు పట్టాయేమో చూడటం, కాపలా మనిషితో ఒక టీ తాగడం. మొన్న హరిశ్చంద్రపురం దాటాక ఉన్న డబ్బా తీస్తే యాప్‌లో ఎవరూ దొరికిందని రాయలేదు గానీ పుస్తకంలో నాలుగు పేజీలు నిండి ఉన్నాయి. అన్నీ ఒకే చేతిరాత, మేకలు మేపే కుర్రాడిది. ప్రతిరోజూ తేదీ, తన పేరు, దాని పక్కన ఆ రోజు మందలో ఎన్ని ఉన్నాయో లెక్క. 14, 14, 14, తర్వాత ఒక రోజు 15, దాని కింద గీత గీసి "పిల్ల పుట్టింది" అని ఉంది. ఆ పుస్తకం తీయకుండా, పక్కనే ఇంకోటి పెట్టి వచ్చాను.